గొడ్ల సావిట్లో గుర్రం: ఎక్కే ముందు, కొనే ముందు

సూర్యలంక తీరంలో ఒక ఆదివారం పొద్దున చూసిన సంగతి ఇది. ఇంటర్ చదివే వయసు కుర్రాడొకడు ఫోటో కోసం గుర్రమెక్కాడు. కాళ్ళకు రబ్బరు చెప్పులు, ఒక చేతిలో ఫోను. ఇరవై అడుగులు కూడా నడిచారో లేదో, ఎవరో పారేసిన చిప్సు కవరు గాలికి లేచి గుర్రం కాళ్ళ ముందు పడింది. గుర్రం పక్కకు గెంతింది. కుర్రాడు జారిపోయాడు గానీ ఎడమ కాలు చెప్పుతో సహా రికాబులోకి చీలమండ దాకా దూరి ఇరుక్కుపోయింది. గుర్రాన్ని నడిపిస్తున్న మనిషి పగ్గం వదల్లేదు కాబట్టి మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయింది. వదిలి ఉంటే ఆ పిల్లాణ్ణి తలకిందులుగా ఈడ్చుకుపోయేది.

ఈ మధ్య తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు కుర్రాళ్ళు గుర్రపు స్వారీ గురించి అడుగుతున్నారు. కొందరు ఏకంగా కొంటామంటున్నారు. మా ఇంట్లోనూ గేదెలుండేవి. నేను నలభై దాటాక స్వారీ నేర్చుకున్నాను. ఆ రెండు అనుభవాలూ ఉన్నాయి కనుక ఒక మాట చెప్పగలను. మన డెల్టాలో గొడ్లను సాకడం పుట్టుకతో వచ్చిన విద్య, బైకు నడపడం పద్దెనిమిదేళ్ళకు ముందే వచ్చే విద్య. గుర్రం దగ్గర ఈ రెండు అలవాట్లే మనల్ని ముంచుతాయి.

ఎక్కే ముందు

గుర్రాన్ని వెనక నుంచి సమీపించకండి. గేదె వీపు మీద చరిచి పక్కకు తప్పించిన చెయ్యి మనది. గుర్రం వెనక ఆ పని చేస్తే డెక్క నేరుగా పొట్టలోనో మోకాటి మీదో తగులుతుంది. గుర్రానికి కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. కనపడనివి రెండే చోట్లు: తోక వెనక, నుదుటికి ఎదురుగా ముక్కు ముందు. ఆ రెండు చోట్ల నుంచి వచ్చిన మనిషి దాని లెక్కలో పులి కిందే జమ. పేరు పెట్టి పిలుస్తూ ఎడమ భుజం వైపు నుంచి వెళ్ళండి. ముందు మెడ మీద చెయ్యి వెయ్యండి. వెనక్కి వెళ్ళాల్సి వస్తే ఒంటి మీద చెయ్యి తియ్యకుండా దాన్ని ఆనుకునే నడవండి, లేదంటే పదడుగుల దూరం నుంచి చుట్టి వెళ్ళండి. మధ్య దూరమే తన్ను పూర్తి బలంతో తగిలే దూరం.

చెవులు చూడండి. రెండూ ముందుకు నిక్కితే ఏదో గమనిస్తోంది. మెడకు అతుక్కుపోయినట్టు వెనక్కి పడితే కోపంగా ఉంది, తప్పుకోండి.

పగ్గాన్ని గానీ, నడిపించే తాడును గానీ చేతికి చుట్టుకోవద్దు. గేదె పలుపు మణికట్టుకు చుట్టుకుని నడిచే అలవాటు మనకు ఎంత ముదిరిందంటే చుట్టుకున్నామని కూడా తెలియదు. మూడున్నర, నాలుగు వందల కిలోల జంతువు ఒక్కసారి బెదిరితే ఆ చుట్టు వేళ్ళ ఎముకలు విరిచేస్తుంది. తాడు మిగిలితే మడతలు పెట్టి, ఆ మడతల మధ్యన పట్టుకోండి.

మడమ ఉన్న బూట్లు వేసుకోండి. పాదం రికాబులోంచి ముందుకు జారిపోకుండా ఆపేది ఆ అంగుళం మడమే. రికాబు మీ బూటు కన్నా ఒక అంగుళం వెడల్పుండాలి. అందులో పాదం ముందు భాగమే ఉంచాలి. లుంగీ, వేలాడే చున్నీ, మెడలో పొడవాటి గొలుసు ఇంట్లో వదిలి రండి.

హెల్మెట్ గురించి కాస్త ఎక్కువ చెప్తాను. బైకు హెల్మెట్ ఉందిగా అంటారు. అది రోడ్డు మీద పడే పాటుకు చేసింది, బరువు ఎక్కువ. స్వారీ హెల్మెట్ తేలిగ్గా ఉండి తల వెనక కింది దాకా కప్పుతుంది. లోపల ఈఎన్ 1384 అనో, ఏఎస్‌టీఎం ఎఫ్1163 అనో ముద్ర ఉందేమో చూసి కొనండి. ఒకసారి దెబ్బ తిన్నది పైకి బాగున్నా పక్కన పెట్టేయండి. కోర్ట్నీ కింగ్ డై అని అమెరికా రౌతు ఉంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో పోటీ చేసిన మనిషి. 2010 మార్చిలో శిక్షణలో గుర్రం కాళ్ళు తడబడి పడింది, ఈమె పుర్రె పగిలింది. దాదాపు నెల రోజులు కోమాలో ఉంది. ఆ పూట ఆమె తల మీద హెల్మెట్ లేదు. తర్వాత ఆమే ప్రపంచమంతటికీ హెల్మెట్ పెట్టుకోమని చెప్పింది. అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య 2021 నుంచి తన స్వారీ పోటీల్లో హెల్మెట్ తప్పనిసరి చేసింది. ఒలింపిక్ రౌతుకు అవసరమైంది మనకు మరీ అవసరం.

జీను మీద

ఎక్కే ముందు కడుపు పట్టీ బిగువు చూడండి. పది అడుగులు నడిపించి మళ్ళీ చూడండి. కొన్ని గుర్రాలు పట్టీ బిగించేటప్పుడు పొట్ట బిర్రబిగించి, తర్వాత వదిలేస్తాయి. అప్పుడు జీను పక్కకు తిరిగిపోతుంది. నేను మొదటిసారి పడింది అలాగే. ఎక్కేటప్పుడే జీనుతో సహా గుర్రం పొట్ట కిందికి వెళ్ళిపోయాను. నేర్పేవారు చూసుంటారులే అనుకున్నాను. ఎవరు చూసినా సరే, మీ చెయ్యి పెట్టి మీరూ చూడండి.

పగ్గాలు బ్రేకు కాదు, హ్యాండిలూ కాదు. భయమేస్తే బైకు మీద చేసేదే చేస్తాం: ముందుకు వంగుతాం, రెండు చేతులూ బిగిస్తాం, కాళ్ళతో నొక్కుతాం. ముందుకు వంగి కాళ్ళు నొక్కడం గుర్రానికి పరుగెత్తమని చెప్పడమే. రెండు పగ్గాలూ కలిపి లాగితే కళ్ళెం నొప్పికి ఇంకా పారిపోతుంది. గుర్రం అదుపు తప్పితే నిటారుగా కూర్చుని, మడమలు కిందికి దించి, ఒక పగ్గాన్నే లాగుతూ వదులుతూ పెద్ద చుట్టు తిప్పండి, చుట్టును చిన్నది చేస్తూ రండి. మొదటి రోజుల్లో నడకలోనే ఇది పది సార్లు సాధన చేయాలి. ఆపద వచ్చాక నేర్చుకునేది కాదు.

చిన్నపిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఎక్కకండి. ఎవరూ చూడని చోట ఒంటరిగా వెళ్ళకండి. స్వారీలో ఫోను చేతిలో ఉండకూడదు, గుర్రానికి కట్టిన సంచిలోనూ ఉండకూడదు. మీరు పడి గుర్రం వెళ్ళిపోతే ఫోను దానితోనే వెళ్తుంది. జేబులో పెట్టి బొత్తాం వేసుకోండి.

ఇసుక, కట్ట, రోడ్డు

బాపట్ల నుంచి 9 కిలోమీటర్లు వెళ్తే సూర్యలంక. అంత విశాలమైన తీరం చూస్తే దౌడు తీయించాలనిపిస్తుంది, ఆ కోరికను నేను తప్పు పట్టను. కానీ పొడి ఇసుకలో డెక్క దిగబడి గుర్రానికి కాలి స్నాయువులు సాగుతాయి. అలలు తడిపి వెళ్ళిన గట్టి పట్టీ మీదే నడిపించండి. ముందు కాలినడకన ఆ దారి చూసుకోండి: ఎండ్రకాయల బొరియలు, వలల ముక్కలు, సీసా పెంకులు. అలల్లోకి దించకండి. నీళ్ళు వెనక్కి పోతుంటే కాళ్ళ కింద నేల కదిలినట్టై గుర్రం తడబడుతుంది. జనం నిండిన ఆదివారం సాయంత్రం నేర్చుకునే వేళ కాదు. ఎండాకాలం పొద్దున ఏడున్నరకల్లా ముగించండి. మన తేమలో చెమట ఆరదు, గుర్రం ఒళ్ళు చల్లబడదు.

వాన పడిన కాలవ కట్ట మీదికి వెళ్ళకండి. నల్లరేగడి తడిస్తే సబ్బు. గుర్రం తిరగడానికి చోటు లేదు, ఒక పక్క కాలవ, ఒక పక్క పొలం. 216 జాతీయ రహదారి మీద రొయ్యల లారీలు, ధాన్యం ట్రాక్టర్ల మధ్య నేర్చుకునేవాళ్ళు ఉండనే కూడదు. పెళ్ళి ఊరేగింపుల్లో డీజే పెట్టి, టపాసులు కాలుస్తూ గుర్రం మీద వరుణ్ణి కూర్చోబెట్టడం నాకు అసలు ఇష్టం లేదు. తప్పదంటే టపాసులు మానండి.

ఎవరైనా పడితే చేతులు పట్టి లేపకండి. హెల్మెట్ లాగేయకండి. మెడ కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయండి. ఆటోలో ముడుచుకు కూర్చోబెట్టి తీసుకుపోతే విరిగిన మెడ ఎముక వెన్నుపామును కోసేయొచ్చు.

కొందామనుకుంటే

కనీసం ఒక ఏడాది వేరేవాళ్ళ గుర్రాల మీద నేర్చుకోకుండా కొనకండి. మీరు కొత్త, గుర్రమూ కొత్తదైతే ఒకరికొకరు నేర్పేది భయమే. మొదటి గుర్రం పదేళ్ళు దాటిన నెమ్మదైనది కావాలి. హైదరాబాద్ మలక్‌పేట లాంటి రేసు మైదానాల నుంచి బయటికొచ్చిన గుర్రాలు అందంగా ఉంటాయి, చవగ్గానూ దొరుకుతాయి. వాటికి చిన్నప్పటి నుంచి నేర్పింది పరుగొక్కటే. అవి అనుభవజ్ఞులకు.

సుడులు చూసి కొనే పెద్దలు ఇంకా ఉన్నారు. సుడి చూసుకోండి, కాదనను. దానితో పాటు డెక్కలు, పళ్ళు, ఊపిరి, నడకలో కుంటు పశువైద్యుడి చేత చూపించండి. గ్లాండర్స్ పరీక్ష చేసిన పత్రం లేకుండా డబ్బు చేతికి ఇవ్వకండి. ఆ జబ్బు మనిషికీ అంటుతుంది. పశువుల అంటువ్యాధుల నివారణకు తెచ్చిన 2009 చట్టం ప్రకారం దాన్ని అధికారులకు తెలపడం తప్పనిసరి, సోకిన గుర్రాన్ని బతకనివ్వరు. మీ మండలంలోని డాక్టరుగారు గుర్రాలకు వైద్యం చేశారో లేదో ముందే అడగండి. గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల మీ ఊరికి ఎన్ని గంటల దారో లెక్క వేసుకోండి. ఆరేడు వారాలకొకసారి డెక్కలు చెక్కి లాడాలు కొట్టే మనిషి ఎక్కడ దొరుకుతాడు? ఒకప్పుడు జట్కాలు తిరిగిన ఊళ్ళలో ఆ పనివాళ్ళు ఉండేవారు. జట్కాలతో పాటే వాళ్ళూ పోయారు. ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే కొనడం ఆపండి.

గుర్రం పాతికేళ్ళు బతుకుతుంది. గుడ్డి గుర్రానికీ దాణా తక్కువ కాదు. పాలు ఇవ్వదు, మీరు స్వారీ మానేసినా తింటుంది, తోడు లేకపోతే దిగులు పడుతుంది.

మేత దగ్గరే ప్రాణం పోయేది

నాకు బాగా తెలిసిన ఇంట్లో ఎర్రటి ఆడగుర్రం ఉండేది. ఆ ఇంట్లో పెళ్ళయింది. మిగిలిన అన్నం, పులిహోర, బూరెలు గేదెలకు పెట్టినట్టే దాని తొట్టిలోనూ పోశారు, ప్రేమతోనే. తెల్లవారుజామున అది ముందుకాలితో నేల గోకుతూ, మాటిమాటికీ తల తిప్పి తన డొక్క వైపు చూసుకుంటోంది. పడుకుంది, లేచింది, పొర్లింది. అలిసి పొర్లుతోందనుకున్నారు. తర్వాత కడుపు ఉబ్బరమని, గేదెకు పట్టినట్టే వెదురు గొట్టంతో నూనె పట్టారు. ఆ నూనె కొంత ఊపిరితిత్తుల్లోకి పోయింది. మధ్యాహ్నానికి చచ్చిపోయింది. చెమటకు తడిసిన దాని జూలు నేలకు అతుక్కుని ఉంది.

గేదెకు నాలుగు అరల పొట్ట, నెమరు వేస్తుంది. గుర్రానికి చిన్న పొట్ట ఒకటే, తిన్నది కక్కడం దాని చేత కాదు. కాబట్టి అన్నం, కుడితి, పిండివంటలు పెట్టకండి. కొంచెం కొంచెంగా మూడు నాలుగు పూటలు మేపండి. రోజుకు ఐదు నుంచి ఏడు కిలోల ఎండుమేత, ముప్పై నలభై లీటర్ల మంచినీళ్ళు కావాలి. నిజాంపట్నం, రేపల్లె వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. గుర్రం వాటిని సరిగా తాగదు, తాగకపోతే పేగుల్లో మేత గట్టిపడుతుంది. కొనే ముందే నీళ్ళ సంగతి తేల్చుకోండి.

మన చేలల్లో దొరికేవాటి గురించి ఒక్కొక్కటిగా చెప్పాలి. తవుడు చవక కదా అని రోజూ పెడితే అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ కావడంతో ఎముకలు గుల్లబారి మొహం వాస్తుంది. సూపర్ నేపియర్ ఒక్కటే మేపినా కాల్షియం ఒంటికి అందదు. మాగాణిలో వరి తర్వాత చల్లే జనుము గొడ్లకు మంచి మేతే, గుర్రానికి మాత్రం విషం. కొద్ది కొద్దిగా తిన్నా లివరు, ఊపిరితిత్తులు పాడవుతాయి. గింజ పట్టిన జనుము మరీ ప్రమాదం. బూజు పట్టిన మొక్కజొన్న ఒక్క గింజ కూడా వద్దు, అది మెదడును కరిగిస్తుంది. గేదెల దాణా, కోళ్ళ దాణా సంచులు గుర్రం నోటికి అందనీయకండి. వాటిలో కలిపే మొనెన్సిన్ లాంటి మందులు గుర్రం గుండెను ఆపేస్తాయి. మందు కొట్టిన చేల గట్ల గడ్డి కోసుకురావద్దు. పిల్లిపెసర పెట్టొచ్చు, నానబెట్టిన ఉలవలు పెట్టొచ్చు. ఏదైనా కొత్త మేత పది రోజుల మీద కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి.

డొక్క చూసుకోవడం, నేల గోకడం, పొర్లడం, పేడ వేయకపోవడం కనిపిస్తే మేత తీసేయండి. వేళ రాసుకోండి. నోట్లో ఏమీ పోయకండి. పశువుల అంబులెన్సు నంబరు 1962కి, డాక్టరుకు ఫోన్ చేయండి. డాక్టరు వచ్చే దాకా పొర్లనీయకుండా మెల్లగా నడిపిస్తూ ఉండండి.

గొడ్లతో కలిపి కడితే జోరీగల వల్ల సర్రా అనే జబ్బు రావచ్చు. మధ్య మధ్య జ్వరం, పొట్ట కింద నీరు, చిక్కిపోవడం దాని గుర్తులు. సాయంత్రం పొగ వేయండి, పేడ దూరంగా పోయండి. గుర్రానికి ధనుర్వాతం టీకా ఏటా వేయించండి. చూసుకునే మనుషులూ ఆ టీకా వేయించుకోవాలి, ఎన్నేళ్ళకొకసారో డాక్టరును అడగండి. మెడకు పలుపు వేసి గుంజకు కట్టకండి. తల పట్టీకి తాడు వేసి, ఒక్క లాగుతో ఊడే ముడితో, దాని వీపు ఎత్తున కట్టండి. ముళ్ళ కంచె ఉన్న చోట వదలకండి.

తుపాను, వరద

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళొచ్చి రేపల్లె వైపు లంకలు మునిగాయి. ఇలాంటివి మళ్ళీ వస్తాయి. కొనక ముందే, గుర్రాన్ని మెరక మీద ఎవరి చోట దించుతారో మాట తీసుకుని పెట్టుకోండి. వ్యానెక్కడం ముందే అలవాటు చేయండి. గాలివానలో బలవంతంగా ఎక్కించబోతే మనుషులకే దెబ్బలు తగులుతాయి. హెచ్చరిక వచ్చిన రోజే తరలించండి. ఎర్రజెండా ఎగిరే దాకా ఆగొద్దు. తరలించలేకపోతే రేకుల పాకలో కట్టేసి వెళ్ళకండి. తల పట్టీ తీసి, తీగలూ కంచెలూ లేని మెరకకు తోలండి. దాని జూలులో మీ ఫోను నంబరు చెరగని సిరాతో రాసిన ప్లాస్టిక్ బిళ్ళ జడలా అల్లి కట్టండి.