తాళంచెవి పిల్లలకు అందుతుందా?

రాత్రి పదయ్యేసరికి మన ఇళ్లలో ఒక్కొక్కటే మూతపడుతుంది. గేటుకు తాళం, వరండా కటకటాలకు ఇంకో తాళం, వీధి తలుపుకు పైనా కిందా గడియలు. కిటికీలకు ఎలాగూ ఇనుప గ్రిల్లులున్నాయి. బాల్కనీకి పావురాలు రాకుండా వల, పిల్లలు పడకుండా చువ్వలు. ఇవన్నీ అవసరమై పెట్టుకున్నవే, తీసేయమని చెప్పడం లేదు. తల్లిదండ్రులను నేను అడిగేది ఒకటే. అర్ధరాత్రి కరెంటు పోయి ఇల్లంతా పొగ కమ్మితే, మీరు పక్కన లేకపోయినా మీ ఎనిమిదేళ్ల పాప అవన్నీ తీసుకుని బయటపడగలదా?

2025 మే 18, ఆదివారం ఉదయం హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో ఒక భవనానికి నిప్పంటుకుని 17 మంది చనిపోయారు. అందులో 8 మంది పిల్లలు. కింద దుకాణాలు, పైన కాపురం. రాకపోకలకు ఒకటే ఇరుకు దారి. ఎక్కువమందిని పొట్టనపెట్టుకున్నది మంట కాదు, పొగ. ఆ కుటుంబం తప్పు ఎంచడానికి ఈ మాట చెప్పడం లేదు. అలాంటి ఇరుకు మెట్లు, ఒకటే దారి ఉన్న ఇళ్లలో మనలో ఎంతోమందిమి ఉంటున్నాం. ఆ ఇంటికి జరిగినది మన ఇంటికి జరగకుండా ఏం చేయవచ్చో చూసుకోవడం మన వంతు.

ముందు పొగ సంగతి తెలియాలి. పరుపులోని ఫోము, సోఫా, ప్లాస్టిక్ కుర్చీలు, కరెంటు తీగలు కాలితే వచ్చే నల్లటి పొగ కొద్ది నిమిషాల్లోనే గదిని నింపేస్తుంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నిద్రలో ఉన్నవాళ్లను పొగ వాసన లేపుతుందని నమ్ముకోలేం. చాలామంది మత్తులోకి జారిపోతారు. అందుకే పడకగదుల బయట పైకప్పుకు బ్యాటరీతో నడిచే పొగ అలారం ఒకటి పెట్టించండి. వంటింటికి మరీ దగ్గరగా వద్దు, ఎండుమిర్చి తాలింపు వేసిన ప్రతిసారీ మోగుతుంది. మోగిందని విసుక్కుని బ్యాటరీ పీకేసే ఇళ్లు తక్కువేమీ కాదు. ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకోండి. గాఢనిద్రలో ఉన్న చిన్నపిల్లల్లో చాలామంది అలారం మోతకు లేవరని ఇతర దేశాల్లో జరిగిన పరిశోధనల్లో తేలింది. కాబట్టి పిల్లలను లేపాల్సింది అలారం కాదు, మీరే.

ఇప్పుడు ఒక సాయంత్రం పిల్లలను వెంటబెట్టుకుని ఇల్లంతా తిరగండి. ప్రతి గదిలో నిలబడి, ఇక్కడి నుంచి బయటికి ఎన్ని దారులున్నాయో వాళ్లనే చెప్పమనండి. తలుపు ఒకటి. రెండోది ఏది? కిటికీకి గ్రిల్లు ఉంటే అది దారి కాదు. వెల్డింగు పనివాణ్ణి పిలిచి, ఇంట్లో కనీసం ఒక కిటికీ గ్రిల్లుకైనా లోపలి నుంచి తెరుచుకునే తలుపులా కీళ్లు పెట్టించండి. పెద్ద ఖర్చు కాదు. పై అంతస్తుల్లో ఉన్నవాళ్లు అందులోంచి దూకడానికి కాదు అది. ఊపిరి పీల్చుకోవడానికి, కేకలు వేయడానికి, నిచ్చెన వేసుకుని వచ్చిన ఫైర్ సిబ్బంది మిమ్మల్ని అందుకోవడానికి.

తాళాల విషయం దగ్గర మాత్రం కాస్త ఆగి ఆలోచించండి. రాత్రి వేసిన తాళం చెవి నాన్న తలగడ కిందో, అమ్మ కొంగు ముడిలోనో, పూజగదిలో దేవుడి పటం వెనకో ఉంటుంది. చీకట్లో, దగ్గుతూ, కళ్లు మండుతుంటే దాన్ని వెతకడం పెద్దవాళ్ల వల్లే కాదు. లోపలి నుంచి తాళం వేయకుండా గట్టి గడియతో సరిపెట్టుకోగలిగితే అదే మేలు. తాళం తప్పదనుకుంటే చెవికి ఒకే చోటు ఉండాలి. తలుపు పక్కనే గోడకు మేకు, కిటికీలోంచి చెయ్యి పెట్టినా దొంగకు అందనంత దూరంలో, మీ బిడ్డకు అందే ఎత్తులో. వాడుకున్నాక అది మళ్లీ అక్కడికే చేరాలి. ఈ ఒక్క అలవాటు ఇంట్లో అందరికీ రావడానికి కొన్ని వారాలు పడుతుంది, ఓపిక పట్టండి. పసిపాప తీస్తుందని తలుపు పైగడియ వేసే ఇళ్లుంటాయి. అక్కడ పైగడియ అందని పెద్దపిల్లల సంగతి ఏమిటి? రాత్రిపూట మధ్య గడియ వేసుకోండి, లేదా గట్టి పీట ఒకటి తలుపు పక్కనే ఉంచండి. డిజిటల్ తాళాలున్న ఫ్లాట్లలో లోపలి నుంచి చేత్తో ఎలా తీయాలో పిల్లలకు చూపించి, వాళ్ల చేత తీయించండి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే గుమ్మం దాటాక కూడా ఇల్లే అనుకోవాలి. మన భవనాల్లో మెట్ల కిందే కరెంటు మీటర్లు, మెట్ల మీదే చెప్పుల అరలు, సైకిళ్లు, పాత మంచాలు. సెల్లార్‌లో రాత్రంతా చార్జింగ్ పెట్టిన స్కూటర్లు. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంట లేస్తే, పొగ పై అంతస్తుల్లోని లాడ్జికి ఎగబాకి 8 మంది ప్రాణాలు తీసింది. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో నిల్వచేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని కనీసం 9 మంది పోయారు. కింద నిప్పు పుడితే మెట్లదారి పొగగొట్టమై నిలుస్తుంది. కాబట్టి పిల్లలకు రెండు సంగతులూ నేర్పాలి. మెట్ల మీద పొగ లేకపోతే దిగిపోవాలి, లిఫ్టు జోలికి మాత్రం పోకూడదు. తలుపు తీయగానే మెట్ల మీద దట్టంగా పొగ కనిపిస్తే అందులో దిగకూడదు. వెనక్కి వచ్చి తలుపు మూసి, కింది సందులో తడి దుప్పట్లు కుక్కి, వీధివైపు కిటికీ దగ్గర కూర్చుని రంగుగుడ్డ ఊపుతూ కేకలు వేయాలి. మీ అసోసియేషన్ మీటింగులో మెయింటెనెన్సు గురించి ఎంతసేపు మాట్లాడతారో, మెట్ల మీది సామాను గురించి కూడా అంతసేపు మాట్లాడండి.

నోటితో చెప్పినది పిల్లలకు ఒంటికి పట్టదు, చేయించాలి. మొదటిసారి పగలే చేయించండి. పొగ పైకి పోతుంది, నేలకు దగ్గరగా కాస్త మంచి గాలి ఉంటుంది. అందుకని చేతులూ మోకాళ్లూ ఆనించి పాకుతూ మంచం నుంచి వీధి తలుపు దాకా రావాలి. చిన్నపిల్లలకు ఇది ఆటలా ఉంటుంది, నవ్వుకుంటూ చేయనివ్వండి. తర్వాత కళ్లు మూసుకుని, గోడ తడుముకుంటూ. దారిలో మూసిన తలుపు ఉంటే అరచేత్తో కాదు, చేతి వెనకవైపుతో తాకి చూడాలి. వేడిగా ఉంటే తీయకుండా రెండో దారికి వెళ్లాలి. ఆ తర్వాత ఒక రాత్రి లైట్లన్నీ ఆర్పి. రెండు నిమిషాల్లో అందరూ బయట ఉండగలిగితే బాగా నేర్చుకున్నట్టే. ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవాలని చాలామంది చెబుతారు. అది మసిని కొంత ఆపుతుందేమో గానీ విషవాయువును ఆపదు, గుడ్డ కోసం వెతుకుతూ క్షణాలు పోగొట్టుకోవద్దని చెప్పండి. పడకగది తలుపు మూసి పడుకోవడం మంచిదే, మూసిన తలుపు పొగను కొంతసేపు ఆపుతుంది. లోపల గడియ మాత్రం వద్దు.

ఎవరు ఎవరిని తీసుకురావాలో కూడా ముందే అనుకోవాలి. ఉయ్యాలలో పాప అమ్మ బాధ్యత అయితే, మోకాళ్ల నొప్పులున్న నానమ్మ నాన్న బాధ్యత. అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుంటుంది. నాన్న రాత్రి డ్యూటీలో ఉన్న రోజు ఎవరు? ఆ లెక్క కూడా వేసుకోండి. నానమ్మ మంచం వీధి తలుపుకు దగ్గరి గదిలోకి మారిస్తే సగం సమస్య తీరుతుంది.

ఇక, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే మాట. నిప్పు చూసి భయపడిన చిన్నపిల్లలు పారిపోరు, దాక్కుంటారు. మంచం కింద, బీరువా వెనక, బాత్రూములో. ముఖానికి మాస్కు పెట్టుకుని వచ్చిన ఫైర్ సిబ్బందిని చూసి ఇంకా లోపలికి నక్కుతారు. ఆ మాస్కు వెనక ఉండేది మనల్ని కాపాడే మనిషేనని బొమ్మలు చూపించి చెప్పండి, వాళ్లు పిలిస్తే "ఇక్కడున్నా" అని అరవడం అలవాటు చేయండి. అగ్గిపెట్టెతో ఆడుకుంటూ తనే అంటించిన పిల్లవాడికైతే ఇంకో భయం కూడా ఉంటుంది, కొడతారేమోనని. కాబట్టి ఏమీ జరగని ఒక మామూలు రోజున దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి: "నీ వల్లే నిప్పు అంటుకున్నా సరే, వెంటనే పరుగెత్తుకొచ్చి నాకు చెప్పు. నేను తిట్టను, కొట్టను." ఆ మాట మీద నిలబడండి. పాలు ఒలకబోసినా, గ్లాసు పగలగొట్టినా వచ్చి చెప్పే ధైర్యం ఉన్న బిడ్డే ఆ రోజూ వచ్చి చెబుతాడు. అందుకోసం మంటల వీడియోలు చూపించి బెదరగొట్టకండి. ప్రాక్టీసులో తప్పు చేస్తే గద్దించకండి. ఒంటి మీది బట్టకు నిప్పంటుకుంటే పరుగెత్తకుండా ఆగి, కింద పడుకుని, ముఖం చేతులతో కప్పుకుని దొర్లాలి. ఇది కూడా ఆటలానే నేర్పవచ్చు.

బయటికి వచ్చాక అందరూ చేరే చోటు ఒకటి ఉండాలి. వీధి మలుపులో కిరాణా కొట్టు, ఎదుటి వేపచెట్టు, ఏదైనా సరే, పేరు చెబితే పసివాడికి కూడా తెలియాలి. తలలు లెక్కపెట్టుకోవడానికి అదే చోటు. తర్వాతే ఫోను, 101కి గానీ 112కి గానీ. మన ఊళ్లలో డోర్ నంబరు ఒక్కటే చెబితే ఇల్లు దొరకదు, పక్కనున్న గుడో వాటర్ ట్యాంకో పేరు కూడా పిల్లలకు కంఠతా రావాలి. బయటికి వచ్చినవాళ్లు మళ్లీ లోపలికి వెళ్లకూడదు. సర్టిఫికెట్ల కోసం వద్దు, బంగారం కోసం వద్దు, కుక్కపిల్ల కోసం కూడా వద్దు. లోపల ఎవరైనా ఉంటే ఏ గదిలో ఉన్నారో ఫైర్ సిబ్బందికి చెప్పాలి. తాటాకు ఇళ్లలో ఉండేవాళ్లకు ఈ మాట మరీ అవసరం. కప్పు అంటుకున్నాక సామాను బయటికి తెచ్చుకునేంత వ్యవధి ఉండదు.

ఏటా ఏప్రిల్ 14న మన దేశంలో అగ్నిమాపక సేవల దినం జరుపుతారు. 1944లో అదే రోజు బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు మంటలార్పుతూ చనిపోయిన సిబ్బంది జ్ఞాపకార్థం అది. ఆ వారంలో ఒకసారి, దసరా సెలవుల్లో ఒకసారి ప్రాక్టీసు పెట్టుకుంటే మరిచిపోకుండా ఉంటారు. ఇల్లు మారినా, కొత్త గ్రిల్లు పెట్టించినా, అమ్మమ్మ వచ్చి నెలరోజులు ఉంటున్నా మళ్లీ చేయాలి. సెలవులకు అత్తయ్య పిల్లలు వస్తే, మొదటి రాత్రే వాళ్లకు తాళంచెవి మేకు, రెండో దారి, కిరాణా కొట్టు చూపించే పని మీ పిల్లలకే అప్పగించండి.