రన్ అవుతున్న కెర్నల్‌లో కోడ్ మార్చడం ఎలా? ఐదు బైట్ల కథ

ఫోన్‌కి సెక్యూరిటీ ప్యాచ్ వచ్చిన ప్రతిసారీ చివర్లో కనిపించేది ఒకటే బటన్: రీస్టార్ట్. ఆండ్రాయిడ్ 7తో వచ్చిన ఏ/బీ అప్‌డేట్స్ సపోర్ట్ చేసే ఫోన్లలో ఇన్‌స్టలేషన్ అంతా బ్యాక్‌గ్రౌండ్‌లో, రెండో స్లాట్‌లో జరిగిపోతుంది. అయినా రీస్టార్ట్ తప్పదు. స్టోరేజ్‌లో కొత్త కెర్నల్ ఉంది కానీ, మెమరీలో నడుస్తున్నది ఇంకా పాతదే కదా.

సర్వర్ల దగ్గర మాత్రం లినక్స్ కెర్నల్‌లో బగ్‌ని రీస్టార్ట్ లేకుండానే ఫిక్స్ చేస్తారు. దీన్ని లైవ్ ప్యాచింగ్ అంటారు. నడుస్తున్న బస్సుకి టైరు మార్చడం లాంటి పని ఇది. అసలు ఇది ఎలా సాధ్యమో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

నాకు దీని మీద ఇంట్రెస్ట్ వచ్చింది ఒక క్రాష్ వల్ల. వర్చువల్ మెషీన్‌లో లినక్స్ వేసుకుని ఒక చిన్న కెర్నల్ మాడ్యూల్ రాశాను. ఒక ఫంక్షన్ మొదట్లో ఉన్న 5 బైట్ల మీద నా బైట్లు రాయడం, మళ్లీ పాతవి పెట్టేయడం, ఇదే లూప్‌లో. మొదట పేజ్ ఫాల్ట్ వచ్చింది, ఎందుకంటే కెర్నల్ కోడ్ ఉన్న పేజీలు రీడ్ ఓన్లీ. ప్రాసెసర్‌లో రైట్ ప్రొటెక్ట్ బిట్ ఆఫ్ చేసేసి (చెయ్యకూడని పని, మీ మెయిన్ ల్యాప్‌టాప్‌లో అస్సలు వద్దు) మళ్లీ నడిపా. ఒక్క కోర్ ఇచ్చినప్పుడు ఏమీ కాలేదు. కోర్లు 4కి పెంచి, టీ పెట్టుకుని వచ్చేసరికి స్క్రీన్ నిండా కెర్నల్ పానిక్. అది కూడా నేను అసలు ముట్టుకోని ఏదో ఫంక్షన్ మధ్యలో!

ఎందుకో లెక్కేద్దాం. ఎక్స్86 కెర్నల్‌ని ట్రేసింగ్ ఆన్ చేసి కంపైల్ చేస్తే, దాదాపు ప్రతి ఫంక్షన్ మొదట్లో 5 బైట్ల ఖాళీ జాగా ఉంటుంది. అందులో ఏమీ చెయ్యని ఒక నాప్ ఇన్‌స్ట్రక్షన్ పెడతారు. దాని బైట్లు హెక్సాలో ఇవి: 0ఎఫ్, 1ఎఫ్, 44, 00, 00. ఈ జాగాలో కాల్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టాలంటే మొదటి బైట్ ఈ8 అవ్వాలి, మిగతా నాలుగు ఎంత దూరం వెళ్లాలో చెప్పాలి. ఇప్పుడు నా కోడ్ మొదటి బైట్ మాత్రమే మార్చిన క్షణంలో ఇంకో కోర్ అక్కడికి వచ్చిందనుకోండి. దానికి కనిపించేది ఈ8, 1ఎఫ్, 44, 00, 00. అంటే "ఇక్కడి నుంచి 17,439 బైట్ల ముందుకి కాల్ చెయ్" అని అర్థం. అక్కడ ఏముంటుందో దేవుడికే తెలియాలి. సగం పాతది, సగం కొత్తది కలిసి మూడో ఇన్‌స్ట్రక్షన్ పుట్టింది. దాన్ని ఎవ్వరూ రాయలేదు.

"5 బైట్లూ ఒకే రైట్‌లో రాసేస్తే సరిపోదా?" అని మీకు అనిపించొచ్చు. నాకూ అదే అనిపించింది. సరిపోదు. అవతలి కోర్ ఆ బైట్లలో కొన్నింటిని ముందే ఫెచ్ చేసేసుకుని ఉండొచ్చు. వేరే కోర్ నడుపుతున్న కోడ్‌ని మార్చేటప్పుడు సింక్ చెయ్యకపోతే ఏం జరుగుతుందో చెప్పలేమని ఇంటెల్ మాన్యువల్‌లోనే ఉంది.

ఇంకో చిన్న విషయం కూడా ఇక్కడే. ఆ 5 బైట్లలో ఒక్కో బైట్ నాప్‌లు ఐదు పెట్టొచ్చు కదా? పెడితే, ఒక త్రెడ్ మూడో నాప్ దగ్గర ఆగి నిద్రపోవచ్చు. అది లేచేసరికి అక్కడ కాల్ ఇన్‌స్ట్రక్షన్ మధ్య భాగం ఉంటుంది, నేరుగా దాన్నే ఎగ్జిక్యూట్ చేస్తుంది. అందుకే 5 బైట్ల నాప్ ఒక్కటే పెడతారు. ఎవరైనా ఉంటే దానికి ముందు ఉంటారు, లేదా దాటేసి ఉంటారు.

మరి లినక్స్ ఎలా మారుస్తుంది? పాత పద్ధతి స్టాప్ మెషీన్: అన్ని కోర్లనీ ఆపేసి, ఒక్క కోర్ మార్పులు చేసి, మళ్లీ అందర్నీ వదలడం. సేఫే, కానీ ఆ కాసేపు సిస్టమ్ మొత్తం ఫ్రీజ్. ఇప్పటి పద్ధతి నాకు చాలా నచ్చింది. రోడ్డు తవ్వే ముందు బారికేడ్ పెట్టి, ట్రాఫిక్‌ని పక్కకి మళ్లిస్తారు కదా, అచ్చం అలాగే. ఇక్కడ బారికేడ్ ఇంట్3 అనే బ్రేక్‌పాయింట్ ఇన్‌స్ట్రక్షన్. అది ఒకే ఒక్క బైట్, హెక్సాలో సీసీ. ఒక్క బైట్‌కి సగం అనేది ఉండదు, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

ముందు మొదటి బైట్ స్థానంలో సీసీ రాస్తారు. తర్వాత అన్ని కోర్లకీ ఇంటరప్ట్ పంపి, "పాతగా ఫెచ్ చేసుకున్నది పారేసి మళ్లీ చదువు" అని చెప్తారు. ఇప్పుడు అక్కడికి ఎవరొచ్చినా బ్రేక్‌పాయింట్ తగిలి కెర్నల్ హ్యాండ్లర్‌లోకి వెళ్తారు, కాబట్టి మిగతా 4 బైట్లు తీరిగ్గా మార్చుకోవచ్చు. మళ్లీ సింక్. చివరగా సీసీ తీసేసి అసలు మొదటి బైట్ పెట్టి, ఇంకోసారి సింక్. సిస్టమ్ ఎక్కడా ఆగలేదు.

ఆ హ్యాండ్లర్ ఏం చెయ్యాలి అన్నది కూడా చిన్న ప్రశ్న కాదు. మొదట్లో ట్రేసింగ్ కోడ్ దాన్ని నాప్ లాగా దాటించేసేది. ట్రేసింగ్‌కి ఓకే, ఒక ఎంట్రీ మిస్ అవుతుంది అంతే. కానీ అదే జాగాని లైవ్ ప్యాచ్ కూడా వాడుతుంది. అక్కడ దాటేస్తే ఆ క్షణంలో బగ్ ఉన్న పాత ఫంక్షనే నడిచేస్తుంది! 2019లో దీన్ని మార్చి, హ్యాండ్లరే కాల్‌ని ఎమ్యులేట్ చేసేలా చేశారు.

మన ఫోన్లలోని ఆర్మ్ 64 బిట్ చిప్స్‌లో ఈ పని కాస్త ఈజీ. ప్రతి ఇన్‌స్ట్రక్షన్ సరిగ్గా 4 బైట్లే. నాప్, బ్రాంచ్ లాంటి కొన్నిటిని ఇంకో కోర్ నడుపుతుండగా ఒకదాని బదులు ఇంకొకటి మార్చుకోవచ్చని ఆర్కిటెక్చరే హామీ ఇస్తుంది. ఇన్‌స్ట్రక్షన్ క్యాష్‌ని క్లీన్ చెయ్యడం మర్చిపోకూడదు, అంతే.

బైట్లు కరెక్ట్‌గా రాయడం ఒక ఎత్తు. రాస్తున్న చోటు నిజంగా మనం అనుకున్న చోటేనా అన్నది ఇంకో ఎత్తు. 2008లో లినక్స్ 2.6.27 టెస్ట్ వెర్షన్లు వాడుతున్న కొందరికి ఇంటెల్ నెట్‌వర్క్ కార్డులు చచ్చిపోయాయి. ఈ1000ఈ డ్రైవర్ వాడే ఆ కార్డుల్లో సెట్టింగ్స్ దాచుకునే మెమరీ చెడిపోయింది. రీస్టార్ట్ చేసినా, ఓఎస్ మార్చినా బాగుపడలేదు. అందరూ డ్రైవర్‌నే అనుమానించారు. దొంగ మాత్రం ఎఫ్‌ట్రేస్, అంటే మనం మాట్లాడుకుంటున్న ట్రేసింగ్ సిస్టమే.

అప్పట్లో ఎఫ్‌ట్రేస్ ఏ ఫంక్షన్లు నడిచాయో అడ్రస్‌లు నోట్ చేసుకుని, కాసేపటి తర్వాత వెళ్లి ఆ కాల్స్‌ని నాప్‌లుగా మార్చేది. మాడ్యూల్‌లోని ఇనిట్ కోడ్ ఒకసారి నడిచాక మెమరీ ఫ్రీ అయిపోతుంది. అదే అడ్రస్‌ని తర్వాత నెట్‌వర్క్ కార్డ్ మెమరీకి ఇచ్చారు. ఎఫ్‌ట్రేస్ పాత లిస్ట్ పట్టుకుని అక్కడికి వెళ్లింది. పాపం అది కూడా జాగ్రత్తగానే, "పాత విలువ ఉంటేనే రాయి" అనే కంపేర్ ఎక్స్‌ఛేంజ్ ఇన్‌స్ట్రక్షన్ వాడింది. కానీ ఎక్స్86లో ఆ ఇన్‌స్ట్రక్షన్ విలువ సరిపోకపోయినా చదివిన దాన్నే తిరిగి రాస్తుంది. ర్యామ్‌లో ఆ తేడా తెలీదు, డివైస్ మెమరీలో మాత్రం ప్రతి రైట్ ఒక ఆర్డర్.

2.6.27.1లో ఆ ఫీచర్ ఆఫ్ చేశారు. తర్వాత ఎఫ్‌ట్రేస్ రాసిన స్టీవెన్ రోస్టెడ్ డిజైన్ మార్చారు. ఇప్పుడు అడ్రస్‌ల లిస్ట్ కంపైల్ టైమ్‌లోనే తయారవుతుంది. రాసే ముందు అక్కడున్న బైట్లని చదివి పోల్చుతుంది. ఒక్క బైట్ తేడా ఉన్నా వార్నింగ్ ఇచ్చి ఎఫ్‌ట్రేస్ తనని తనే ఆపేసుకుంటుంది.

ఇక లైవ్ ప్యాచ్‌కి ఇంకో తలనొప్పి ఉంది. ఒక బగ్ ఫిక్స్‌లో రెండు ఫంక్షన్లు మారాయనుకోండి. పాత జతలో లాక్ మొదటిది తీసుకుంటుంది, కొత్త జతలో రెండోది తీసుకుంటుంది. ఒక త్రెడ్ పాత మొదటి ఫంక్షన్‌లో ఉండగా ప్యాచ్ పడితే, అది కొత్త రెండోదాన్ని పిలుస్తుంది. లాక్ రెండుసార్లు, త్రెడ్ అక్కడే ఫట్. ఐదు బైట్లూ ఎంత పర్ఫెక్ట్‌గా రాసినా ఇది ఆగదు.

2014లో రెడ్ హ్యాట్ కేప్యాచ్, సూసె కేగ్రాఫ్ట్ దీన్ని రెండు దారుల్లో సాల్వ్ చేశాయి. కేప్యాచ్ అన్నిటినీ ఒక్క క్షణం ఆపి, పాత ఫంక్షన్ ఎవరి స్టాక్‌లోనైనా ఉందా అని చూసేది. కేగ్రాఫ్ట్ ఒక్కో టాస్క్‌ని, అది కెర్నల్ నుంచి బయటికొచ్చినప్పుడు కొత్త కోడ్‌కి మార్చేది. బేసిక్ లైవ్ ప్యాచింగ్ 2015లో లినక్స్ 4.0లో వచ్చింది. ఈ రెండు ఐడియాలనీ కలిపిన పద్ధతి 2017లో, 4.12లో చేరింది. నిద్రపోతున్న టాస్క్‌ల స్టాక్ చెక్ చేస్తుంది, స్టాక్‌లో పాత ఫంక్షన్ లేకపోతే అక్కడే మార్చేస్తుంది, మిగతావాటి కోసం వెయిట్ చేస్తుంది. ఆ గ్యాప్‌లో కొన్ని టాస్క్‌లు పాత కోడ్, కొన్ని కొత్త కోడ్ నడుపుతుంటాయి, కానీ ఏ ఒక్క టాస్కూ రెండూ కలిపి నడపదు. స్ట్రక్చర్‌లో ఫీల్డ్‌లు మార్చే ఫిక్స్‌లకి మాత్రం ఇది కూడా కష్టమే. అలాంటివాటికి నా ఓటు రీస్టార్ట్‌కే.

మీరే ట్రై చెయ్యాలంటే వర్చువల్ మెషీన్ చాలు. కెర్నల్ సోర్స్‌లో శాంపిల్స్ ఫోల్డర్‌లో లైవ్‌ప్యాచ్ శాంపిల్ అని ఒక చిన్న మాడ్యూల్ ఉంటుంది. అది లోడ్ చేసి, ప్రాక్ ఫోల్డర్‌లోని సీఎమ్‌డీలైన్ ఫైల్ ఓపెన్ చేస్తే, బూట్ ఆప్షన్స్ బదులు "దిస్ హ్యాజ్ బీన్ లైవ్ ప్యాచ్డ్" అని వస్తుంది. లోడ్ చేసిన వెంటనే సిస్, కెర్నల్, లైవ్‌ప్యాచ్ కింద ఆ ప్యాచ్ ఫోల్డర్‌లో ట్రాన్సిషన్ అనే ఫైల్ చదవండి. 1 ఉంటే ఇంకా ఎవరో పాత కోడ్‌లో ఉన్నారు, 0 అయితే అందరూ మారిపోయారు. వెనక్కి వెళ్లాలంటే పక్కనే ఉన్న ఎనేబుల్డ్ ఫైల్‌లో 0 రాసి, ట్రాన్సిషన్ పూర్తయ్యాకే మాడ్యూల్ తీసెయ్యండి.