సోల నుండి కిలోకు: దేవుని వంటలో కొలతలు

శ్రీరామనవమినాడు రామమందిరములో పానకము, వడపప్పు, పులిహోర, చక్కెరపొంగలి చేయుట మలేషియా తెలుగువారికి తోటల కాలమునుండి వచ్చిన ఆచారము. పొంగలి పాళ్ళు పెద్దల నోట "సోల బియ్యమునకు అరసోల పెసరపప్పు, సోలన్నర బెల్లము" అను రీతిగా వినవచ్చును. అంగడిలోనైతే అన్నియు కిలోల లెక్కనే దొరకును. చిక్కు ఇక్కడనే వచ్చుచున్నది.

నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచము. ఇవన్నియు పాత్రలో పట్టు పరిమాణమును తెలుపును. ధాన్యము కొలుచునపుడు మొదటి కొలతను "ఒకటి" అనక "లాభము" అని పలికినది ఈ కుంచములతోనే. బరువుల వరుస వేరు: మూడు తులములు పలము, నలుబది పలములు వీశె, వీశె సుమారు 1,400 గ్రాములు. మలయాలో వీనికి తోడు గంతాంగు, కాటీ చేరినవి. గంతాంగు కొలత, 4.546 లీటర్లు, కాటీ బరువు, సుమారు 605 గ్రాములు. 1972 నాటి తూనికలు కొలతల చట్టముతో మలేషియా మెట్రిక్ పద్ధతికి మరలినది.

కాటీని కిలోగా మార్చుట సులభము, రెండును బరువులే. సోలను కిలోగా మార్చుటకు మాత్రము ఒక్క లెక్క చాలదు. లీటరు పాత్రలో నీరు 1,000 గ్రాములు తూగును. అదే పాత్రలో నెయ్యి 910, బియ్యము గాని పెసరపప్పు గాని 830, బొంబాయిరవ్వ 700, బియ్యపుపిండి 650 గ్రాముల ప్రాంతమున తూగును. సన్నని ఉప్పు 1,200 వరకు తూగును. రాళ్ళ ఉప్పు నడుమ సందులుండుటచే అంత తూగదు. రాళ్ళ ఉప్పుతో చెప్పిన కొలతకు సన్న ఉప్పు వేసినచో పులిహోర కషాయమగుట ఇందువలననే.

సోల పాత్ర లేని ఇండ్లలో గట్టిపాల డబ్బా ఆ పని చేయును. పాళ్ళే ముఖ్యము గనుక ఏ పాత్రయైనను ఒకటే. ఈ డబ్బా సుమారు 300 మిల్లీలీటర్లు. గుట్టగా నింపక అంచుకు సమముగా తుడిచినచో బియ్యము 250 గ్రాములు పట్టును. ఇరువది డబ్బాల బియ్యము 5 కిలోలు, పది డబ్బాల పెసరపప్పు రెండున్నర కిలోలు. ముప్పది డబ్బాల బెల్లమునకు వచ్చుసరికి లెక్క తప్పును: తురిమి వదులుగా పోసినచో ఆరు కిలోలకు కొంచెము మించును, అదిమి నింపినచో ఎనిమిది కిలోలకు చేరును. కావున బెల్లమును ఒకసారి డబ్బాతో కొలిచి, తూచి, ఆ బరువును మందిరపు వంటపుస్తకములో వ్రాసి, మరుసటి ఏడు తూకముతోనే తెప్పించవలెను.

నీటికి ఇది వర్తించదు. పులిహోర బియ్యమునకు "డబ్బాకు రెండు డబ్బాలు" అనుదానిని "కిలోకు రెండు లీటర్లు" అని మార్చరాదు. ఇరువది డబ్బాల బియ్యమునకు 12 లీటర్ల నీరు కావలెను. కిలోల లెక్కన పోసినచో 10 లీటర్లే వచ్చును, అన్నము పలుకుగా మిగులును. వందలమంది పంక్తిలో కూర్చున్న వేళ దానిని సరిచేయుట కష్టము.

యాలకులు, పచ్చకర్పూరము చిటికెల లెక్కవి. బియ్యము పదింతలైనదని పచ్చకర్పూరమును పదింతలు వేయరాదు, పొంగలి చేదెక్కును.