అంతర్జాలపాఠముల కూర్పునిర్ణయము – ‘పెందుర్తి’ పుట ఉదాహరణముగా

తాళపత్రప్రతినుండి పాఠము నుదాహరించు పండితుడు అది యే ప్రతియో, యే భాండాగారమున నున్నదో తెలుపును. అంతర్జాలమునుండి గ్రహించిన పాఠము విషయమున మాత్రము ఈ నియమము సడలినది. పుట పేరును, చూచిన తేదిని వ్రాసి ఊరకుండుట పరిపాటి యైనది. తేది చాలదు, ఒక్క దినముననే పుట పలుమారులు మారవచ్చును.

తెలుగు వికీపీడియాలోని ‘పెందుర్తి’ పుటను గైకొందము. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నము జిల్లా విభజింపబడగా పొరుగుననున్న సబ్బవరము, పరవాడ మండలములు అనకాపల్లి జిల్లాలో చేరినవి. పెందుర్తి మండలము విశాఖపట్నము జిల్లాలోనే నిలిచినది. కావున ఈ పొరుగు మండలములు విశాఖపట్నము జిల్లావని చెప్పు వాక్యము ఆ తేదికి పూర్వము సత్యము, పిదప అసత్యము. ఏ కూర్పును చూచెనో చెప్పని వ్యాసకర్త మాటను పరీక్షించుట యెట్లు?

వికీపీడియాకు ఆధారమైన మీడియావికీ ప్రతి మార్పునకును ఒక సంఖ్య నిచ్చును. బ్రౌజరులో చరిత్రపుటను తెరచి దానిని తెలిసికొనవచ్చును గాని నూరు పుటలకట్లు చేయుట దుష్కరము. యంత్రములు పరస్పరము ప్రశ్నోత్తరములు జరుపుటకై ఏర్పడిన ఎ.పి.ఐ. యను ద్వారము ఇచట ఉపకరించును. టెర్మినలులో ‘కర్ల్’ అను ఆదేశముతో పుటపేరును, కూర్పుసంఖ్య, కాలము, పాఠము అను మూడింటిని కోరినచో జేసన్ రూపమున ఉత్తరము వచ్చును. స్వీడన్ దేశీయుడు డేనియల్ స్టెన్‌బర్గ్ రచించిన ఈ సాధనము 1998 నుండి ఈ పేరున ప్రచారములో నున్నది.

ప్రశ్నలోని భాగములను కలుపునది ‘అండ్’ గుర్తు. చిరునామాను ఉద్ధరణచిహ్నముల మధ్య నుంచనిచో షెల్లు ఆ గుర్తుకడ ఆదేశము ముగిసెనని తలచి శేషమును విడదీయును. అప్పుడును ఏదో యొక ఉత్తరము వచ్చును, అదియే ప్రమాదము.

ఇక లిపివిషయము. ‘పెందుర్తి’ యందు అక్షరములు మూడే. యూనికోడున మాత్రము గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు వేరువేరుగా లెక్కింపబడి తొమ్మిది సంకేతములగును. యు.టి.ఎఫ్-8లో ఒక్కొక్కటి 3 బైట్లు, వెరసి 27. చిరునామాలో ప్రతి బైటును శాతపు గుర్తుతో కూడి 3 వర్ణములగుటచే 81. ఈ మార్పును కర్ల్ చేతనే చేయించుట మేలు. తకారమునకు బదులు థకారము వ్రాసిన, ఆ పేరున దారిమార్పు లేనిచో, పుట లేదనియే ఉత్తరము.

అడుగువాడు తానెవరో, తన్ను సంప్రదించుటెట్లో ప్రశ్నతోపాటు తెలుపవలెనని వికీమీడియా నియమము. ప్రవర చెప్పి అభివాదము చేసిన పాఠశాలాచ్ఛాత్రులకు ఇది క్రొత్త గాదు.

వ్యాసమున పుటపేరు, కూర్పుసంఖ్య, కాలము మూడును వ్రాయవలెను. ఉత్తరములోని కాలమునకు 5 గంటల 30 నిమిషములు కలిపిన మన కాలమగును. పెందుర్తిలో రాత్రి రెండు గంటలకు దిద్దిన కూర్పు ముందటి దినపు తేదితోనే నమోదగును.