పుంజు ఈక పట్టి చూడండి

ప్రశ్న: ట్రౌట్ చేపల కోసం ఫ్లైలు, అంటే గాలానికి ఈక చుట్టి చేసే పురుగుల్లాంటి ఎరలు, సొంతంగా కట్టడం మొదలుపెట్టాను. దుకాణంలో పుంజు మెడ ఈకలకు ఒక్కోదానికి ఒక్కో ధర చెబుతున్నారు. ఖరీదైనదే కొనాలా?
– ఒక పాఠకుడు, డెన్వర్

జవాబు: ముందు ఏ ఫ్లై కడతారో తేల్చుకోండి. నీటిపై తేలే డ్రై ఫ్లైకైతే ఖరీదు పెట్టాల్సిందే. నీళ్లలో మునిగే వాటికి పెట్ట ఈకలే మేలు, అవి మెత్తగా ఉండి నీళ్లలో కదులుతాయి, చవక కూడా.

డ్రై ఫ్లై ఈకను వెలుతురుకు ఎత్తి పట్టండి. కాడకు రెండు పక్కలా ఉండే పోగులు మెరుస్తూ, ఒకే పొడవులో ఉండాలి. మొదట్లో కాడను ఆనుకుని మసకగా మెత్తటి నూగు కనిపిస్తుంది. నీళ్లు పీల్చేది అదే. అది సగం దాకా పాకి ఉంటే ఆ ఈక వద్దు. తర్వాత ఈకను వేళ్ల మధ్య విల్లులా వంచండి. పోగులు విడివిడిగా నిక్కబొడుచుకోవాలి, పెదవికి తాకిస్తే గుచ్చుకోవాలి. కాడ సన్నగా ఉండాలి. లావు కాడ గాలం చుట్టూ తిప్పేటప్పుడు మెలిపడి మీ ఓపికను పరీక్షిస్తుంది. పోగు పొడవు గాలం నోటి వెడల్పుకు ఒకటిన్నర రెట్లుంటే సరిగ్గా కూర్చుంటుంది.

నా మాట వింటే గోధుమరంగుది, నలుపు తెలుపు చారల గ్రిజ్లీది ఒక్కో సగం మెడ (ఈకలతో ఉన్న మెడ తోలు) కొనండి. 1922లో మిషిగన్‌లో లెన్ హాలడే కట్టిన ఆడమ్స్ ఫ్లైకి ఆ రెండు ఈకలూ కలిపే చుడతారు. మీ కొలరాడోలోనే డెల్టా ఊళ్లో వైటింగ్ ఫారం వాళ్లు ఈక కోసమే పుంజుల్ని ఎంచి ఎంచి పెంచుతున్నారు. ధర అందుకే.

ప్రశ్న: అమెరికాలో ఫ్లైలు కట్టే మా తమ్ముడికి మా డేగ పుంజు ఈకలు పంపవచ్చా? నెమలీకలూ ఉన్నాయి.
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: పంపకండమ్మా. నెమలీకల ఎగుమతి మన దేశంలో నిషేధం. కోళ్ల జబ్బుల భయంతో శుద్ధిచేయని ఈకల్ని అమెరికా సరిహద్దులోనే ఆపుతారు. అలాగని మన పుంజును తక్కువ చేయడం లేదు. ఫారం ఈకలు రాకముందు మన దేశం నుంచి వెళ్లిన పుంజు మెడలతోనే విదేశాల్లో ఎన్నో ఫ్లైలు కట్టారు. తమ్ముడు సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడే కట్టుకోమనండి. అంతవరకు ఈకల్ని సబ్బునీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, కవర్లో మూసి కొన్నాళ్లు డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. చిమ్మెట గుడ్లు మిగిలితే పెట్టెలోని ఈకలన్నీ పొడి పొడి అవుతాయి.