కంప్యూటరు తెర అలంకరణము – రక్షిత ఫైళ్లు

2001వ సంవత్సరము అక్టోబరు 25వ తేదీన మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ ఎక్స్‌పి అను ఆపరేటింగ్ సిస్టమును విడుదల చేసెను. అంతకు పూర్వపు విండోసులలో తెరమీది కిటికీలు బూడిదవన్నె పెట్టెలవలె నుండెడివి. ఎక్స్‌పిలో అవి నీలివర్ణము దాల్చి, పైమూలలు గుండ్రనై, క్రొత్త చీర కట్టినట్లు కనబడెను. ఎడమవైపు క్రిందిమూలను ఆకుపచ్చని బొత్తాము. దానిపై 'స్టార్ట్' అను ఇంగ్లీషుమాట. ఈ వేషమునకు 'లూనా' అని పేరు. నీలము, ఆలివు పచ్చ, వెండి – ఈ మూడు వన్నెలలో నొకదానిని ఎన్నుకొనవచ్చును. వలదన్నవారు పాత బూడిద వేషమునకు మరలిపోవచ్చును. లూనాలో నాలుగవ వన్నె లేదు.

వస్తువు తనదైన పిదప దానిని తన యిచ్చకు తగినట్లు తీర్చుకొనగోరుట మనుష్యస్వభావము. సైకిలు కొన్న కుఱ్ఱవాడు హాండిలుకు రంగుల కుచ్చులు కట్టును. గృహిణి అద్దె యింటి ముంగిటనైనను ముగ్గు పెట్టక మానదు. కంప్యూటరు విషయమున ఈ కోరికను తీర్చుకొనుటకు అనేకులు ఒక విచిత్రమైన త్రోవ పట్టిరి. ఆపరేటింగ్ సిస్టము తన ప్రాణమువలె కాపాడుకొను ఫైళ్లనే తెరచి, వానిలోని బైట్లను మార్చిరి. ఆ ఫైళ్లకు కాపలా ఎందులకు వచ్చెను, దానిని వా రెట్లు తప్పించిరి, అందువలన ఏమి జరిగెను అనునది ఈ పాఠమందలి విషయము. ఎక్స్‌పికి మైక్రోసాఫ్టువారి సంరక్షణము 2014 ఏప్రిలు 8వ తేదీతో ముగిసినది. అయినను గడియారము పని తెలిసికొనుటకు పాత గడియారమును విప్పి చూచుటయే మేలు గదా!

మొదట కాపలా లేని కాలమును చూతము. విండోస్ 95, విండోస్ 98 ఆరంభమగునపుడు తెరపై కనబడు బొమ్మ 'లోగో డాట్ సిస్' అను ఫైలులో నుండెడిది. పేరు గంభీరమే గాని లోపలిది 320 చుక్కల వెడల్పు, 400 చుక్కల యెత్తు, 256 రంగులు గల సాధారణమైన బొమ్మ మాత్రమే. పెయింట్ అను చిన్న ప్రోగ్రాముతో దానిని తెరచి, తన ఊరి గుడిగోపురమునో తన పేరునో గీసి, అదే కొలతలో దాచినచో మరునాటి నుండి కంప్యూటరు ఆ బొమ్మతోనే మేల్కొనెడిది. కంప్యూటరును ఆపునపుడు వచ్చు రెండు బొమ్మలును అట్టివే. ఇంతటి స్వేచ్ఛ ఆ తరువాత విండోసులో మరల కానరాలేదు.

ఆ స్వేచ్ఛకు మరియొక ముఖము గలదు. విండోసులో అనేక ప్రోగ్రాములు కలిసి వాడుకొను ఉమ్మడి ఫైళ్లు కలవు. వానిని డిఎల్ఎల్ ఫైళ్లందురు. పెండ్లిండ్లకై ఊరివారందరు ఉమ్మడిగా కొనియుంచుకొన్న గుండిగల వంటి వవి. ఒక ఇంటివారు పెద్ద గుండిగను కొనిపోయి, పని తీరిన పిదప దాని బదులు చిన్నదానిని తెచ్చి పెట్టినచో తరువాతి పెండ్లివారి గతి యేమి? ఆ కాలమున ఒక క్రొత్త ప్రోగ్రామును కంప్యూటరులో అమర్చునపుడు, అది తన వెంట తెచ్చుకొన్న పాతకాలపు డిఎల్ఎల్‌ను ఉన్న దానిమీద వ్రాసివేయుట సామాన్యముగా జరిగెడిది. దానితో నిన్నటివరకు చక్కగా నడచిన వేరొక ప్రోగ్రాము నేడు కదలదు. ఈ బాధకు కంప్యూటరు పండితులు 'డిఎల్ఎల్ నరకము' అని పేరు పెట్టిరి.

2000వ సంవత్సరము ఫిబ్రవరి 17న వెలువడిన విండోస్ 2000లో దీనికి మందు వచ్చెను. దానిపేరు 'విండోస్ ఫైల్ ప్రొటెక్షన్'. ఎక్స్‌పిలోను ఇదియే కలదు. ముఖ్యమైన ఫైళ్లకు నకళ్లు తీసి 'డిఎల్ఎల్ కాష్' అను మరుగు ఫోల్డరులో నుంచెదరు. రక్షిత ఫైలు ఏదైన మారినయెడల కావలివాడు వెంటనే గుర్తించి దాని సంతకమును పరీక్షించును. సరిపడనిచో, మార్చినవాడు కన్ను మూసి తెరచులోపల నకలును తెచ్చి యథాస్థానమున పెట్టును. నకలు కూడ చెడియున్నచో మూల సి.డి.ని పెట్టుమని అడుగును. తెర మార్చబోయిన కుఱ్ఱవాండ్రు మొదట ఆశ్చర్యపడినది ఇక్కడనే. ఫైలు మార్చితిమి, మారినది. మరల చూచిన మారలేదు!

ఇచట 'సంతకము' అనగా నేమో తెలియవలెను. ఫైలులోని బైట్లనన్నింటిని ఒక గణితక్రియకు లోబరచినచో ఒక నిర్ణీతమైన పొడుగు గల సంఖ్య వచ్చును. ఫైలులో ఒక్క బైటు మారినను ఆ సంఖ్య పూర్తిగా వేరగును. ఆ సంఖ్యను ఫైలు తయారుచేసినవారు తమవద్ద మాత్రమే యుండు రహస్యపు తాళముతో ముద్రించెదరు. ముద్రను పరీక్షించు తాళము అందరికి తెలిసినదే. ముద్ర వేయు తాళము వారికి మాత్రమే తెలియును. దీనినే డిజిటల్ సంతకమందురు.

లూనా వంటి వేషములు 'ఎంఎస్‌స్టైల్స్' అను ఫైళ్లలో నుండును. అందుండునవి బొమ్మలు, కొలతలు, రంగులు. వానిని చదివి కిటికీలకు తొడుగు పని 'యుఎక్స్‌థీమ్' అను డిఎల్ఎల్‌ది. తొడుగుటకు ముందు అది వేషముపై మైక్రోసాఫ్టు సంతకము కలదా యని చూచును; లేనిచో త్రోసిపుచ్చును. కనుక ఎంత అందమైన వేషమును గీచినను మీ చేతిలో నున్నది సంతకము లేని దస్తావేజు. ఈ చిక్కును విడదీసినవారు వేషమును ముట్టలేదు. పరీక్షించు గుమాస్తానే పట్టిరి. యుఎక్స్‌థీమ్‌లో పరీక్ష జరుగు తావున కొలది బైట్లు మార్చి, ఎవరు వచ్చినను 'సరియే' యని పలుకునట్లు చేసిరి. పిమ్మట ముందుగా డిఎల్ఎల్ కాష్‌లోని నకలును మార్చి, ఆ తరువాత అసలును మార్చి, కావలివాడు సి.డి. అడిగినపుడు 'వలదు' అని నొక్కిరి. పని జరిగినది. తెరలు నల్లగా, ఎఱ్ఱగా, గాజువలె, రాగివలె – ఎవరి యిష్టము వారిది.

అందరు మార్పులును ఇంత సాహసమును కోరవు. విద్యార్థులకు ఎక్కువ ఉపయోగపడు ఉదాహరణము 'స్టార్ట్' బొత్తాము. ఆ మాట 'ఎక్స్‌ప్లోరర్' అను ఫైలులో నుండును. విండోస్ ఇట్టి మాటలను యూనికోడు పద్ధతిలో, ఒక్కొక్క సంకేతమునకు 2 బైట్ల చొప్పున దాచును. ఇంగ్లీషులో 'స్టార్ట్' అనునది 5 అక్షరములు, అనగా 10 బైట్లు. బైట్లను నేరుగ దిద్దు ప్రోగ్రాముతో మార్చువాడు ఆ 10 బైట్ల చోటులోనే తన మాటను ఇముడ్చవలెను. ఒక్క బైటు పెరిగినను వెనుకనున్నవన్నియు జరిగి ఫైలు పాడగును. 'ప్రారంభము' అందుపట్టునా? లెక్కింపుడు: ప, పొల్లు, ర, దీర్ఘము, ర, సున్న, భ, మ, కొమ్ము – 9 సంకేతములు, 18 బైట్లు. పట్టదు. పకారము క్రింది క్రావడి మన కంటికి ఒక్క గుర్తు. యూనికోడులో నది పొల్లు, రకారము కలిసిన రెండు సంకేతములు. ఇక 'మొదలు' అను మాటను చూడుడు: మ, ఒత్వము, ద, ల, కొమ్ము – సరిగా 5 సంకేతములు, 10 బైట్లు. అర్థమును అదియే, కొలతయు నదియే! తెలుగు లిపిని చూపుటకు కావలసిన 'గౌతమి' అను అక్షరరూపము ఎక్స్‌పితోనే వచ్చినది. భారతీయ లిపుల సదుపాయమును ముందుగా అమర్చుకొనవలసి యుండెను. కొలతల బాధ లేకుండ మాటలను మార్చుటకు ఆంగస్ జాన్సన్ రచించిన 'రిసోర్స్ హాకర్' అను ప్రోగ్రాము కూడ కలదు.

ఈ మార్పునకు తెలివిగలవారు పట్టిన పద్ధతి గమనింపదగినది. వారు అసలు ఎక్స్‌ప్లోరర్‌ను ముట్టక, దానికి నకలు తీసి, వేరు పేరు పెట్టి, ఆ నకలులో మాట మార్చిరి. విండోసు పద్దుపుస్తకమైన రిజిస్ట్రీలో 'షెల్' అను పద్దు కలదు. ఆరంభమున ఏ ఫైలును నడుపవలెనో అది చెప్పును. ఆ పద్దులో నకలు పేరు వ్రాసిరి. కావలివానితో తగవు లేదు, అసలు చెక్కుచెదరలేదు, ఏదైన తప్పినయెడల పద్దును తిరిగి వ్రాసిన చాలును. లోనికి ప్రవేశించు తెరకును ఇట్టి పద్దు వేరుగా నుండెను. యుఎక్స్‌థీమ్‌కు మాత్రము ఈ యుపాయము చెల్లదు. ప్రతి ప్రోగ్రామును దానిని పేరు పెట్టి పిలుచును గాన మారుపేరుతో నున్నదానిని ఎవరును పలుకరింపరు.

నకలు పద్ధతిలోను ఒక ముల్లు దాగియున్నది. ఎక్స్‌పి ఆరంభమునకు వచ్చు బొమ్మ, సిస్టమునకు గుండెకాయ యగు 'కెర్నల్' ఫైలులోపలనే యుండెను, అదియు 16 రంగులలో. బొమ్మ కొరకు కెర్నల్‌కు నకలు తీసి, ఆరంభపు పట్టికలో నకలు పేరు వ్రాసినవారు కలరు. కొన్ని నెలలకు మైక్రోసాఫ్టువారు కెర్నల్‌లోని లోపమును సవరించి క్రొత్త ఫైలు పంపుదురు. అది అసలు ఫైలు స్థానమును చేరును. కంప్యూటరు మాత్రము పాత నకలుతోనే మేల్కొనుచుండును. సవరణ వచ్చినట్లు పట్టికలో కనబడును, యజమాని నిశ్చింతగ నుండును, లోపము అట్లే యుండును. ఫైలు చెడి కంప్యూటరు ఆగిపోవుటకంటె ఇది చెడ్డది. ఆగిపోయినదానిని ఎవరైనను బాగుచేయింతురు. నడచుచున్నదానిని ఎవరు శంకింతురు?

గుమాస్తాచే 'సరియే' యనిపించినదానికి వెలయు చిన్నది కాదు. వేషములు వట్టి బొమ్మలే గదా, వానివలన హాని యేమి అని అడుగవచ్చును. 2013 సెప్టెంబరులో మైక్రోసాఫ్టువారు ఎక్స్‌పి మొదలగువానిలో ఒక లోపమును సవరించిరి. వేషపు ఫైలును మోసముగా తయారుచేసి పంపినచో దానిద్వారా పరుల ప్రోగ్రాము మన కంప్యూటరులో నడచెడిది. 2023 సెప్టెంబరులో విండోస్ 11లో సవరింపబడిన మరియొక లోపము ఇంకను చిత్రమైనది. వేషముతో కూడి వచ్చు ఒక ఫైలును విండోస్ ఒకమారు తెరచి సంతకము పరీక్షించి మూసివేయును. తరువాత నడుపుటకై మరల తెరచును. ఈ రెంటి నడుమ దుర్మార్గుడు ఫైలును మార్చివేయుటకు వీలుండెను. పరీక్షాధికారికి ఒక కాగితము చూపి, లోపలికి వేరొక కాగితము పంపినట్లు! రెండు దృష్టాంతములును చూపునది ఒక్కటే: బొమ్మల మూటలోను కత్తి దాగవచ్చును.

నా తీర్పు చెప్పవలసినచో, తాళము తగినదే. కాని ఖజానాకును రంగులపెట్టెకును ఒకే తాళము వేయుట తగినది కాదు. లినక్సు కంప్యూటర్లలో నోమ్, కెడిఇ వంటి తెరలకు వేషములను యజమాని తన సొంత ఫోల్డరులోనే ఉంచుకొనవచ్చును; సిస్టము ఫైలును దేనిని ముట్టనక్కరలేదు. అట్టి ద్వారమును ఎక్స్‌పివారు తెరచియుంచినచో తాళము పగులగొట్టువారు ఇందరుండెడివారు కారు.

ఆ పిదప తాళములు బలపడినవి. 2007 జనవరిలో సామాన్యులకు లభించిన విండోస్ విస్టాలో రక్షిత ఫైళ్లకు 'ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్' యజమాని యయ్యెను. కంప్యూటరు అధికారికైనను చదువు హక్కే గాని మార్చు హక్కు లేదు. 2015లో ఆపిల్ సంస్థయు తన మాక్ కంప్యూటర్లలో ఇట్టి రక్షణను నెలకొల్పి, 2020లో సిస్టము భాగమునంతటిని ముద్ర వేసి మూసెను.

తల్లిదండ్రులకు ఒక మాట. మన పిల్లలు పరభాషల నడుమ చదువుచున్నవారు. తెరపై తమ లిపిలో నొక్క మాటైనను చూడగోరుట వారి చాపల్యము కాదు, దానిని మందలింపవలదు. అయితే నేడు అందుకు తాళము పగులగొట్టనక్కరలేదు. విండోస్ 11లో సెట్టింగులలోని భాషల పట్టికనుండి తెలుగును చేర్చి, దానిని తెర భాషగా ఎన్నుకొనవచ్చును. ఫైళ్ల లోపలి పని నేర్వగోరు విద్యార్థి ఇంటిలో పనికిరాక పడియున్న పాత యంత్రమును, ఇంటర్నెట్టు తీగ తీసివేసి, ముఖ్యమైన కాగితములకు వేరుచోట నకళ్లు ఉంచుకొని, వాడవలెను. బడి కంప్యూటరును ముట్టరాదు. ఒక్కొక్క యంత్రము ముందు రోజునకు ఎందరో కూర్చుందురు. మన వేడుకకు వారి పాఠము ఆగరాదు. ఎక్స్‌పి యంత్రము చెదరినచో ఆజ్ఞల కిటికీ తెరచి 'ఎస్ఎఫ్‌సి స్కాన్‌నౌ' అను ఆజ్ఞను ఇంగ్లీషు అక్షరములలో, రెండవ మాటకు ముందు ఏటవాలు గీత నుంచి, ఇచ్చినయెడల సిస్టము ప్రతి రక్షిత ఫైలును సరిచూచి మూలరూపమునకు తెచ్చును. మూల సి.డి. చేత నుండవలెను.

అభ్యాసము. 'ఆరంభము' అను మాటయందు యూనికోడు సంకేతము లెన్ని? 10 బైట్లలో ఇముడునా? 'రండి' అను మాట 4 సంకేతములే గదా, మిగిలిన 2 బైట్లలో ఏ సంకేతము నుంచిన కంటికి కనబడక చోటు నిండును? బొత్తాముపై వ్రాయదగిన, సరిగా 5 సంకేతములు గల తెలుగుమాటలను మరి మూటిని వెదకి, వాని సంకేతములను విడదీసి వ్రాయుడు.