ఆపరేషన్ లేకుండా ప్రోస్టేట్ బాధ తగ్గుతుందా?

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. వ్యవసాయం చేస్త. రాత్రి నాలుగైదు సార్లు ఒంటికి లేవాల్సి వస్తుంది. ధార సన్నగా, ఆగి ఆగి వస్తది. స్కానింగుల ప్రోస్టేట్ 42 గ్రాములున్నదన్నరు. ఆపరేషన్ అంటే భయం. వేరే దారి లేదా?
– ఒక రైతు, ఎల్లంతకుంట

సమాధానం: 42 అన్న అంకె చూసి బెంబేలు పడకండి. వయసులో 20 గ్రాములుండే గ్రంథి అరవై దాటేసరికి చాలామందిలో పెరిగే ఉంటుంది. 80 గ్రాములున్నా ఏ బాధా లేనివాళ్లున్నారు, 30 గ్రాములకే అవస్థ పడేవాళ్లూ ఉన్నారు. ఆపరేషన్ సంగతి తేల్చేది మీ ఇబ్బంది, గ్రంథి బరువు కాదు.

పైగా రాత్రి లేవడానికి ప్రతిసారీ ప్రోస్టేటే దోషి కాదు. గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి తెచ్చుకోండి. మూడు రోజులపాటు పోసిన ప్రతిసారీ ఎన్ని మిల్లీలీటర్లో, ఏ టైముకో మనవడి నోటుబుక్కులో రాయించండి. పడుకున్నాక వచ్చినదీ, తెల్లారి మొదటిసారి వచ్చినదీ కలిపి, 24 గంటల మొత్తంలో మూడో వంతు దాటిందా? అయితే మీ ఒంట్లో రాత్రిపూటే మూత్రం ఎక్కువ తయారవుతోంది. షుగరు, కాళ్ల వాపు, గుండె జబ్బు, గురకలో ఊపిరి ఆగడం, సాయంత్రం కల్లు, ఏదైనా కారణం కావచ్చు. అలాంటప్పుడు ప్రోస్టేట్ తీయించుకున్నా రాత్రి లేవడం తప్పదు. కాళ్లు వాచేవాళ్లు సాయంత్రం కాసేపు కాళ్లు ఎత్తులో పెట్టుకుని పడుకుంటే ఆ నీరు నిద్రకు ముందే పోతుంది.

పడుకోవడానికి రెండు గంటల ముందు నుంచి నీళ్లు, చాయ్ తగ్గించండి. పోసిన తర్వాత నిమిషం ఆగి మళ్లీ ఒకసారి ప్రయత్నిస్తే మిగిలింది కూడా వస్తుంది. మలబద్ధకం లేకుండా చూసుకోండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే జలుబు గోలీలతో మాత్రం జాగ్రత్త. వాటిలోని కొన్ని మందులు మూత్రాన్ని బిగబట్టేస్తాయి.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే మాత్రలున్నాయి, అవీ ఆపరేషన్ లేని దారే. టామ్సులోసిన్ మూత్రాశయం మెడను వదులు చేసి కొద్ది రోజుల్లోనే గుణం చూపిస్తుంది. మంచం మీంచి దిగ్గున లేస్తే కళ్లు తిరగొచ్చు. శుక్లాల ఆపరేషన్ చేయించుకునేటట్లయితే ఈ మాత్ర వాడుతున్నట్టు కంటి డాక్టరుకు ముందే చెప్పాలి.

ప్రశ్న: సాంచెల (మరమగ్గాల) మీద పని. వయసు 52. షెడ్డుల నుంచి ఊకె బయటికి పోవుడు కుదరదని నీళ్లు తాగుడు తగ్గించిన. మంటగా, పచ్చగా వస్తుంది. ప్రోస్టేటేనా?
– సిరిసిల్ల

సమాధానం: మీ లక్షణాలకు ముందు అనుమానించాల్సింది నీళ్ల కరువును, ఇన్‌ఫెక్షన్‌ను. ఆ ఉక్కలో చెమట రూపంలో పోయేదే చాలా ఉంటుంది. సీసా సాంచె పక్కనే పెట్టుకుని తాగండి, వచ్చినప్పుడు బిగబట్టకండి. మూత్ర పరీక్ష చేయించండి. చలిజ్వరం వచ్చినా, మూత్రంలో రక్తం కనిపించినా ఆలస్యం వద్దు. పూర్తిగా ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ప్రశ్న: మా అబ్బాయి దుబాయి నుంచి సా పామెట్టో గోలీలు, విటమిన్ ఇ పంపిండు. ఇక్కడ పల్లేరుకాయల పొడి వాడమంటున్నరు. ఏది మంచిది?
– కోరుట్ల

సమాధానం: కొడుకు ప్రేమను కాదనలేను గానీ గోలీల మీద నాకు నమ్మకం లేదు. అమెరికాలో 2006లో 225 మంది మీద, 2011లో 369 మంది మీద సా పామెట్టో అనే మొక్క సారాన్ని ప్రోస్టేట్ బాధకు పరీక్షించారు. రెండోసారి మోతాదును మూడింతల దాకా పెంచి చూశారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకు ఎంత తగ్గిందో, దీనికీ అంతే తగ్గింది. విటమిన్ ఇ అయితే అసలే వద్దు. 35 వేల మందికి పైగా మగవాళ్లతో చేసిన అధ్యయనంలో, రోజూ 400 యూనిట్లు మింగినవాళ్లకు ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని 2011లో తేలింది.

పల్లేరుకు మన వైద్యంలో పాత పేరే ఉంది. కానీ గ్రంథిని కరిగిస్తుందనడానికి గట్టి రుజువు లేదు. గ్రంథిని నిజంగా కొంత తగ్గించేది ఫినాస్టరైడ్ మాత్ర, దానికీ ఆరు నెలలు పడుతుంది. అది ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్షలో వచ్చే పీఎస్‌ఏ అంకెను కూడా సుమారు సగానికి దించేస్తుంది. కాబట్టి ఆ మాత్ర వాడేవాళ్లు రక్తపరీక్ష కాగితం చూపించేటప్పుడు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. లేకపోతే 3 అని ఉన్నది నిజానికి 6 అని ఎవరికీ తట్టదు.